మెట్ల కింద గేర్‌బాక్సు

జూన్ 6

అక్కకు,

పెదనాన్న వాటాలు పంచిన రోజున నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. ఈ సంగతి మూడేళ్ళ తర్వాత నిన్న నా భార్య కనిపెట్టింది. “మాటలే కదా మానేశారు, ఉత్తరం ముక్క రాస్తే ఒట్టేమన్నా కందిపోతుందా?” అంది. కాబట్టి ఇది ఒట్టు తప్పడం కాదు. గమనించగలవు.

విషయం నాది కాదు. నా స్నేహితుడొకాయన దగ్గర ఒక పాత జీపు ఉంది. నాన్న నడిపినదాని లాంటిదే, ఆ కాలందే. రంగు వేయించాడు, సీట్లు కుట్టించాడు, ఇంజను గుక్కతిప్పుకోకుండా తిరుగుతోంది. ఒక్క గేర్‌బాక్సే లేదు. ఎందుకు లేదన్నది పాత గొడవ, నీకు అనవసరం. డిసెంబరు చివరి ఆదివారం ఇక్కడి పాతబళ్ళ సంఘంవాళ్ళు ఊరేగింపు తీస్తున్నారు. మా ఊళ్ళో బయల్దేరి, కొండదారి ఎక్కి దిగి, మీ ఊరి మైదానంలో ఆగుతుంది. దారి సరిగ్గా మీ ఇంటి ముందునుంచే. నా స్నేహితుడు అందరికంటే ముందు వెళ్ళాలని పట్టుదలగా ఉన్నాడు. మీ గేటు ముందు హారను కొట్టి, ఆగకుండా పోవాలని కూడా ఉందట.

ఇక్కడి పాతసామాన్ల దుకాణాల్లో గేర్‌బాక్సులు గుట్టలుగా పడున్నాయి. నాకు, అంటే అతనికి, అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. ఏది దేనిదో ఎలా గుర్తుపట్టాలో రెండు ముక్కలు రాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ షెడ్డులో బావ ఇంజన్ల పని, నువ్వు గేర్‌బాక్సుల పని చూస్తున్నవాళ్ళే కదా.

మీ ఇంట్లో ఉన్నదాని సంగతి నేను అడగడం లేదు. అది ఎక్కడుందో, ఎలా ఉందో నాకు అక్కర్లేదు. ఊరికే, ఎలా ఉంది?

బావగారికి నమస్కారాలు. ఆయనతో మాట్లాడనని నేనెప్పుడూ అనలేదు.

నీ తమ్ముడు


జూన్ 15

ఒరేయ్ ఫొటోల దొరా,

నీ మౌనవ్రతం ఇంత చవగ్గా ముగుస్తుందనుకోలేదు. మరదలికి నా దీవెనలు చెప్పు. మీ ఇంట్లో బుర్ర ఎవరికుందో నాకు ఎప్పట్నుంచో తెలుసు.

నీ స్నేహితుడి కథ విని మీ బావకి పొలమారింది. నాన్న జీపులాంటి జీపు, దానికీ గేర్‌బాక్సు లేదు, పైగా మా గేటు ముందే హారను కొట్టాలని కోరిక! పాపం, ఎవరి బిడ్డో. అతనికి కూడా మన పెదనాన్నలాంటి పెద్దమనిషి తగిలి ఉంటాడు. ‘ఏ వస్తువు ఎవరింట్లో ఉంటే అది వాళ్ళదే’ అని తీర్పు చెప్పి, కాఫీ తాగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. జీపేమో అతని వాకిట్లో ఉంది. గేర్‌బాక్సేమో, పోయేముందు వాళ్ళ నాన్నే విప్పించి, రెండో గేరు బాగుచెయ్యమని అక్క షెడ్డుకి పంపి ఉంటాడు. ఇంకేం, అతనికి గేర్లు లేని జీపు, అక్కకి జీపు లేని గేర్లు. అప్పుడతను గడప దగ్గర నిలబడి, ‘నాన్న జీపు నడుపుకుంటూ వస్తేనే మళ్ళీ ఈ ఇంట్లో కాలు పెడతా, అప్పటిదాకా నీతో మాటల్లేవ్’ అని వీధంతా వినబడేలా అరిచి ఉంటాడు. ఆ అక్క కూడా తక్కువ తిన్నదేం కాదు, ‘నోరు తెరిచి అడిగితేనే ఇస్తా’ అని ఉంటుంది. ఎంత విచిత్రమైన పోలికలో చూడు.

మా ఇంట్లోది ఎలా ఉందని ఊరికే అడిగావు కాబట్టి ఊరికే చెబుతున్నాను. మెట్ల కింద నీళ్ళ డ్రమ్ము స్టాండుకి ఒక కాలు విరిగింది. ఆ కాలు స్థానంలో అది పక్కకి తిరిగి పడుకుని ఉంది. డ్రమ్ము ఇసుమంతైనా కదలడం లేదు. నీ వాటాకి వచ్చిన వస్తువుల్లో ఇంత పనికొచ్చేది ఒక్కటైనా ఉందా?

ఇక పాఠం. దుకాణంవాడి మాట వినకు, వాడు అన్నిటినీ మిలిటరీ సరుకే అంటాడు. గేరు కర్ర గుండుమీద చెక్కి ఉండే గేర్ల బొమ్మని నమ్మకు, ఆ గుండు ఎవడైనా ఎక్కడైనా బిగిస్తాడు. ముందు కర్ర ఎక్కణ్ణుంచి లేచిందో చూడు. నాన్న జీపుది పెట్టె నెత్తిమీద నుంచే లేస్తుంది. పక్కనుంచి రెండు చిన్న చేతులు బయటికి పొడుచుకొస్తే అది స్టీరింగు దగ్గర గేరు మార్చే బండిది, వదిలెయ్. తర్వాత పొడుగు. మనది పొట్టిది, చంకలో పెట్టుకుని పోవచ్చు అనిపిస్తుంది, ఎత్తితే గాని తెలియదు. పైమూత తీయించి మొదటి గేరు పళ్ళు చూడు. దువ్వెన పళ్ళలా తిన్నగా ఉంటే మన కాలందే. అందుకే బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు పడేది కాదు. క్లచ్చిలోకి దూరే షాఫ్టు కొసకి నీ క్లచ్చిప్లేటు తొడిగి చూడు, ఎక్కకపోతే బలవంతం చెయ్యకు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. గేర్‌బాక్సు వీపుకి ఇంకో చిన్న పెట్టె అతుక్కుని ఉంటుంది, ముందు చక్రాలకి బలం పంచేది. అందులోంచి ముందుకి పోయే షాఫ్టు కుడిపక్క ఉందా, ఎడమపక్క ఉందా చూడు. నీ జీపు ముందు ఇరుసు కింద వంగి చూస్తే గుమ్మడికాయంత ఉబ్బు కుడిపక్కకి ఉంటుంది. రెండూ ఒకే పక్క ఉండాలి. లేకపోతే షాఫ్టు ఇంజను కిందనుంచి అడ్డంగా ఈదుకుంటూ పోవాలి.

పెట్టె పక్కన పోతలోనే వచ్చిన నంబరు ఉంటుంది. గ్రీజు గీకి అది రాసి పంపు. ఫొటోలు కూడా పంపు. ఫొటోల్లో కవిత్వం మాత్రం వద్దు.

అక్క


జూలై 4

అక్కకు,

నీ ఉత్తరం నా స్నేహితుడికి చదివి వినిపించాను. చాలా నొచ్చుకున్నాడు, ముఖ్యంగా డ్రమ్ము దగ్గర. ఒక మనిషి జీవితమంతా నడిపిన బండి గుండెకాయ మీద నీళ్ళ డ్రమ్ము పెట్టడానికి చేతులెలా వచ్చాయని అడగమన్నాడు. నేను అడగడం లేదు, అతనే.

రెండు గేర్‌బాక్సులు దొరికాయి. దుకాణంలో వెలుతురు దరిద్రంగా ఉంది. అందుకని రెండిటినీ స్టూడియోకి మోయించి, నీలం తెర ముందు బల్లమీద పెట్టి, అటొకటి ఇటొకటి లైట్లు వేసి తీశాను. మెరుపు రావడానికి ఒళ్ళంతా నూనె రాశాను. మొదటి ఫొటో చూసి ఎదురు షాపు టైలరు “ఎవరి విగ్రహమండీ?” అన్నాడు. నువ్వు అడిగిన నంబరు ఉన్న పక్క చూడ్డానికి బాగా లేదు. అందుకని అది వెనక్కి తిప్పి తీశాను.

రెండోది నాలుగు గేర్లది. మొదటి గేరు వేసి వదిలేస్తే, మనం దిగి పక్కన నడుచుకుంటూ పోవచ్చంటాడు దుకాణంవాడు, అంత నిదానమట, అంత బలమట. కొండదారికి ఇదే సరైనదని నా నమ్మకం. ఈ రోజుల్లో మూడు గేర్లు ఏ మూలకి? నాన్న బతికుంటే ఇదే కొనేవాడు.

స్టూడియోలో పని అంతంతమాత్రం. నిన్న ఒకాయన పాస్‌పోర్టు ఫొటో తీయించుకుని, తన మొహం తనలా లేదని పోట్లాడాడు. నేను తీసింది అతన్నేనని సాక్షిని తేవాల్సి వచ్చింది.

బావగారి మోకాలు ఎలా ఉంది? ఇది మాత్రం నేనే అడుగుతున్నాను.

తమ్ముడు


జూలై 13

చిరంజీవి తమ్ముడికి,

ఫొటోలు అందాయి. మొదటిది చూసి మీ బావ “అమ్మాయి లక్షణంగా ఉంది, చదువెంతవరకు?” అన్నాడు. పెళ్ళిచూపులకి పంపాల్సిన ఫొటో అది. అంత నీడలోనూ పక్కనుంచి రెండు చిన్న చేతులు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. చెప్పాను కదరా, పక్కనుంచి చేతులొస్తే వదిలెయ్యమని? అది వ్యానుది. కొంటే దాంతోపాటు వ్యాను కూడా కొనుక్కో, మధ్యలో జీపుని ఎందుకు ఇబ్బంది పెట్టడం.

నాలుగు గేర్లది మంచి సరుకే, లారీలో ఉంటే. దాని పొడుగు చూశావా? నాన్న జీపు పొట్టి బండి. అంత పెట్టె పెడితే వెనక షాఫ్టుకి చోటు మిగలదు. షాఫ్టుని కోసి పొట్టి చేస్తారు, అది ఏటవాలుగా నిలబడుతుంది, మొదటి మలుపులోనే దాని కీళ్ళు విరుగుతాయి. అప్పుడు దిగి పక్కన నడవచ్చు, దుకాణంవాడు చెప్పింది అబద్ధం కాదు.

నాన్న బతికుంటే అదే కొనేవాడని నువ్వు నాకు చెబుతున్నావు! రెండో గేరు జారిపోతుంటే, ఏళ్ళ తరబడి ఒక చేత్తో కర్రని అదిమిపట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పుతూ కొండెక్కిన మనిషి ఆయన. ‘ఇంకో పెట్టె వేయించు నాన్నా’ అంటే, ‘దీని కూత నాకు తెలుసు, కొత్తదాని కూత ఎవడు నేర్చుకుంటాడు’ అనేవాడు. నేను పక్కన కూర్చుని ఆయన మొహం మీద చెమట తుడిచేదాన్ని. నువ్వు వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయేవాడివి. నువ్వు నోరు తెరవడం నేను చూసింది అప్పుడే.

మీ బావ మోకాలు బాగాలేదు. అందుకే ఇంకో సంగతి. షెడ్డు స్థలం ఖాళీ చెయ్యమంటున్నాడు యజమాని, బట్టల షాపు వస్తుందట. మేము కూడా ఇక చాలనుకున్నాం. నవంబరు ఆఖరికి పాతసామాన్లవాడు వచ్చి ఉన్న ఇనుమంతా తూకానికి పట్టుకుపోతాడు. మెట్ల కిందదాన్ని గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

అక్క


ఆగస్టు 9

అక్కా,

స్నేహితుడు గిహితుడు ఎవడూ లేడు. నేనే రాస్తున్నాను.

నాన్న గేర్‌బాక్సుని తూకానికి వేస్తావా? కిలో ఇంతని? బెదిరిస్తున్నావు కదూ. అది పోతుందని భయపడి నేను పరుగెత్తుకొచ్చి నీ కాళ్ళ దగ్గర చెయ్యి చాపుతాననుకున్నావు. వేసుకో. ఎన్ని కిలోలు తూగిందో కూడా రాయి, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాను.

నాకు నీ దయ అక్కర్లేదు. కొత్త దుకాణం ఒకటి దొరికింది, ఊరి చివర రైలు పట్టాల పక్కన. అక్కడ మూడు గేర్లది ఒకటుంది. కర్ర నెత్తిమీద నుంచే లేచింది. పొట్టిది. పైమూత తీసి చూశాను, దువ్వెన పళ్ళే. క్లచ్చిప్లేటు వెన్నలా ఎక్కింది. నంబరు ఉన్నచోట ఎవడో అరగదీశాడు, నేను తిప్పలేదు. చిన్న పెట్టె కూడా అతికే ఉంది. ఎటు పక్కదో నాకు ముందునుంచి చూస్తే ఒకలా, వెనకనుంచి చూస్తే ఒకలా అనిపిస్తోంది, అందుకని నువ్వే తేల్చు. నువ్వు కవిత్వం వద్దన్నావని దుకాణంలోనే, ఉన్నదున్నట్టు తీశాను. దుకాణంవాడు పక్కన నిలబడతానని పట్టుబట్టాడు, కాదనలేకపోయాను.

నా భార్య నీకు నమస్కారాలు చెప్పమంది. నేను చెప్పడం లేదు, ఆవిడ చెబుతోంది.

తమ్ముడు


సెప్టెంబరు 2

ఒరేయ్ తమ్ముడూ,

ఇదేరా. ఇదే.

కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చూశాను. కర్ర, పొట్టితనం, పైమూత, అన్నీ నాన్నదానికి కవల పిల్లలా ఉన్నాయి. చిన్న పెట్టెలోంచి ముందుకి పోయే షాఫ్టు కుడిపక్కే ఉంది. నీ ఇరుసుకి సరిపోతుంది. బేరం ఆడకుండా కొను, నువ్వు బేరమాడితే ధర పెరుగుతుంది.

నూనె పోసేటప్పుడు జాగ్రత్త. లోపల ఇత్తడి రింగులుంటాయి. ఇప్పటి ఖరీదైన నూనెల్లో కొన్ని వాటిని తినేస్తాయి. పాతరకం చిక్కటి నూనె అడుగు. దుకాణంవాడు నవ్వితే నవ్వనీ.

ఊరేగింపు రోజు మా గేటు ముందు హారను ఎంతసేపు కొడతావో చెప్పు, మీ బావ చెవుల్లో దూది పెట్టుకుంటానంటున్నాడు. అయితే అదీ నాన్న జీపే కదా. నడుపుకుంటూనే వస్తావు కదా. ఒట్టు ప్రకారం లోపలికి కూడా రావచ్చు. నేనేమీ పిలవడం లేదు. ఒట్టు అర్థం చెబుతున్నానంతే.

అక్క


అక్టోబరు 11

అక్కకు,

నీ కడుపు నిండిందా?

గేర్‌బాక్సు కొన్నాను. మేస్త్రీని పిలిచి, స్టూడియో మూసి, రెండ్రోజులు బండి కింద పడుకుని బిగించాం. చివరికి ముందు షాఫ్టు తగిలించబోతే పెట్టె ఎడమపక్క, ఇరుసు కుడిపక్క! ఒకటి తూర్పు, ఒకటి పడమర. సంఘం అధ్యక్షుడు చూడ్డానికొచ్చి, “ముందు చక్రాలకి బలం వద్దులెండి, మిమ్మల్ని వెనక వరసలో పెడతాం, కొండ దగ్గర ట్రాక్టరు తోస్తుంది” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

కుడిపక్కే ఉందని రాసింది నువ్వు. మూడుసార్లు చూశానని రాసింది నువ్వు. ఎన్ని గేర్‌బాక్సులు విప్పావో లెక్కలేని మనిషివి, కుడి ఎడమలు తెలియకుండా పోయాయా? కావాలనే చేశావు. అన్ని దారులూ మూసుకుపోతే చచ్చినట్టు నీ దగ్గరికొచ్చి అడుగుతానని.

ఇక రాయను. మాటలకి పెట్టుకున్న ఒట్టే రాతకి కూడా.

—


అక్టోబరు 20

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. చూపిస్తే మోకాలి సంగతి మర్చిపోయి బస్సెక్కేవాడు.

నా మీద ఎన్ని అన్నా పడతాను. పెంకిదాన్ని, నోటిదురుసుదాన్ని, డ్రమ్ము పెట్టినదాన్ని. గేర్‌బాక్సు విషయంలో అబద్ధం చెప్పానని మాత్రం నన్ను ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ పని నాకు నేర్పింది నాన్న. నిన్న రాత్రి అన్నం సహించలేదు. ఏడ్చాను కూడా, నీకు సంతోషమైతే రాసుకో.

పొద్దున నీ ఫొటో తీసి భూతద్దం పెట్టి చూశాను, ఈసారి గేర్‌బాక్సుని కాదు, దాని పక్కన ఇకిలిస్తూ నిలబడ్డ దుకాణంవాడిని. వాడి చొక్కా జేబు కుడిపక్క ఉంది. చొక్కాకి జేబు కుడిపక్క కుట్టించుకున్న మగాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు, నువ్వు చూశావా? బొత్తాలు కూడా ఆడవాళ్ళ రవికెలా ఎదురు పక్కకి ఉన్నాయి.

ఫిల్ము తిరగేసి ఫొటో కడిగావురా! కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. నీ దగ్గర ఫొటో దిగినవాళ్ళు మొహాలు తమవి కావని ఎందుకు పోట్లాడుతున్నారో నాకు ఇప్పుడర్థమైంది.

తప్పు నాది కూడా ఉంది. నూనె పోసే బిరడా కూడా ఉండాల్సిన పక్క లేదు. మామూలు రోజైతే అది చూడగానే పట్టుకునేదాన్ని. నువ్వు వస్తావన్న సంబరంలో చూడలేదు. అంతే.

పాతసామాన్లవాడు నవంబరు ఇరవై అయిదున వస్తాడు. ఒక్క మాట అడుగు. ‘ఇవ్వవే’ అను, చాలు. నోటితో కాకపోతే రాసి అడుగు, దాన్నే నోరు కింద జమ కడతాను.

అక్క


నవంబరు 8

అక్కా,

ఫిల్ము చూశాను. తిరగేసే కడిగాను. పొరపాటున కాదు, కావాలనే. దుకాణంవాడు ఎడమవైపు చూస్తుంటే ఫొటో బరువు ఒక పక్కకి లాగేసినట్టుంది. కుడివైపు చూస్తే కంటికి బాగుంది. ఇరుసు సంగతి ఆ క్షణంలో తట్టలేదు. నా భార్య ఈ మాట విని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నవ్వి వచ్చింది.

నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. అనేశాను.

కానీ అడగమంటున్నావు చూడు, అది నా వల్ల కాదు. నేను బెట్టు చేస్తున్నాననుకోకు. జీపు నా వాటా. జీపంటే గేర్‌బాక్సుతో సహా జీపు. చెయ్యి చాపి ‘ఇవ్వవే’ అన్నానంటే, అది నీదని ఒప్పుకున్నట్టు. నాన్న నాకు ఇచ్చింది రేకు డొక్కు అని ఒప్పుకున్నట్టు. నువ్వే పంపొచ్చు కదా అంటే, అడక్కుండా ఇస్తే అది నాదేనని, నువ్వు దాచుకున్నావని ఒప్పుకున్నట్టు అవుతుందని నీ బాధ. నాకు తెలుసు. ఇద్దరం ఒకే పోతలోంచి వచ్చాం, నంబరు కూడా ఒకటే.

ఊరేగింపుకి పేరు వెనక్కి తీసుకుంటున్నాను. కారణం ‘అనారోగ్యం’ అని రాశాను. ఎవరికని అడగలేదు వాళ్ళు.

తమ్ముడు


నవంబరు 27

తమ్ముడికి,

పాతసామాన్లవాడు వచ్చాడు. చైను కప్పీ, సుత్తిదెబ్బలు తిన్న దాకళ్ళు, మీ బావ ముప్పొద్దులా తిట్టుకుంటూ వాడిన డ్రిల్లింగు మిషను, పగిలిన పెట్టెలు, అరిగిన గేర్లు, అన్నీ లారీకి ఎక్కించుకుపోయాడు. షెడ్డులో ఇప్పుడు నేలమీద నూనె మరకలు, గోడమీద పానాలు తగిలించిన మేకులు మిగిలాయి. మీ బావ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లే అన్నా లేవడం లేదు.

మెట్ల కింద కూడా ఖాళీ. డ్రమ్ము ఒరిగి సగం నీళ్ళు వాకిట్లోకి పోయాయి.

పేరు వెనక్కి తీసుకోకు. ఇక గేర్‌బాక్సుల గురించి నాకు రాయకు.

అక్క


డిసెంబరు 12

అక్కకు,

గేర్‌బాక్సుల గురించి రాయొద్దన్నావు. కాబట్టి ఇది ఒక గిరాకీ గురించి.

మొన్న స్టూడియో ముందు లారీ ఆగింది. పాతసామాన్ల వ్యాపారం చేసే ఒక పెద్దాయన దిగి, పాస్‌పోర్టు ఫొటో కావాలన్నాడు. ఏ ఊరని అడిగితే మీ ఊరే చెప్పాడు. అంత దూరంనుంచి, మీ ఊళ్ళో ఉన్న స్టూడియోలన్నీ దాటుకుని, కొండెక్కి దిగి, నా దగ్గరికే రావాలా? నా పేరు అంత మోగిపోతోందని నాకు తెలియదు. తల దువ్వుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చున్నాడు. తీశాను. డబ్బులు అడిగితే జేబులన్నీ తడుముకుని, “చిల్లర లేదు బాబూ, దానికి బదులు ఇదుంచుకోండి” అని లారీలోంచి ఒక గేర్‌బాక్సు దింపించి వెళ్ళిపోయాడు. మనిషి నటన బొత్తిగా రాదు. వెళ్తూ వెళ్తూ “మీ అక్కగారు చెప్పినట్టే ఉన్నారు” అని నాలిక్కరుచుకున్నాడు.

నువ్వు చెప్పిన గుర్తులన్నీ చూశాను. కర్ర నెత్తిమీదనుంచే. పొట్టిది. పళ్ళు దువ్వెనే. ముందు షాఫ్టు కుడిపక్క, ఈసారి ఫొటోలో కాదు, చేత్తో తడిమి చూశాను. నువ్వు చెప్పని గుర్తు ఇంకోటి కూడా ఉంది. పెట్టె పక్కన అర్ధచంద్రాకారంలో తుప్పు మచ్చ. సరిగ్గా ఒక డ్రమ్ము అంచు అంత. అది ఏ కంపెనీ గుర్తో నీకేమైనా తెలుసా?

పైమూత తీశాను. ఏళ్ళ తరబడి మెట్ల కింద డ్రమ్ము మోసిన పెట్టెలో కొత్త ఇత్తడి రింగులు ఎలా వచ్చాయో నాకు అర్థం కాలేదు. పాతరకం చిక్కటి నూనె నిండా ఉంది. రెండో గేరు పళ్ళు నిన్న తోమినట్టున్నాయి. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. నా భార్య వచ్చి ఏమైందంటే కంట్లో గ్రీజు పడిందన్నాను.

బిగించాం. కూత అదే అక్కా. వీధి మలుపు తిరిగేసరికి వెనక సీట్లో నిద్రపోవాలనిపించింది.

ఒక్కటే చిక్కు. అంత బాగుచేసినా రెండో గేరు నిలవడం లేదు. వేసి చెయ్యి తీస్తే చాలు, జారి బయటికొస్తోంది. మేస్త్రీకి అంతు చిక్కలేదు. ఊరేగింపు దగ్గరపడింది, పేరు మళ్ళీ ఇచ్చాను. ఏం చెయ్యాలో చెప్పు.

ఇది మాత్రం అడుగుతున్నాను. సలహా అడగనని ఎప్పుడూ ఒట్టు పెట్టుకోలేదు.

తమ్ముడు


డిసెంబరు 19

ఒరేయ్ బుజ్జిగా,

ఆ పెద్దాయన ఫొటో నాకు చూపించాడు. బాగా వచ్చింది. చొక్కా జేబు కూడా ఎడమపక్కే ఉంది, నువ్వు బాగుపడ్డావు. అతను ఎవరో, ఎందుకొచ్చాడో నాకేమీ తెలియదు. నువ్వు అడగలేదు, నేనివ్వలేదు. ఇంట్లో ఇనుము ఎవరికి అమ్మాలో నా ఇష్టం, అతను దాన్ని ఎవరి దగ్గర వదిలేసుకుంటాడో అతనిష్టం. తుప్పు మచ్చ ఏ కంపెనీదో కూడా తెలియదు. పెదనాన్నని అడుగు, ఎవరిదో తేల్చి కాఫీ తాగి వెళ్తాడు.

రెండో గేరు ఎందుకు జారుతోందంటే, గేరు పడ్డాక దాన్ని అక్కడే అదిమిపెట్టడానికి కర్ర కింద ఒక చిన్న ఉక్కు గోళీ, దాని వెనక ఒక స్ప్రింగు ఉండాలి. నీ పెట్టెలో అవి లేవు. ఎవరో తీసేశారు. చాలా జాగ్రత్తగా, ఇంకేమీ చెడకుండా, పని బాగా తెలిసినవాళ్ళే తీసి ఉంటారు.

కంగారుపడకు. అవి లేకపోయినా బండి నడుస్తుంది. కొండ దగ్గర రెండో గేరు వేసి, ఒక చేత్తో కర్రని అదిమిపట్టుకో. నాన్న అలాగే ఎక్కేవాడు, నువ్వు నిద్రపోయావు గాని నీ చేతికి తెలిసే ఉంటుంది. చెమట మరదలు తుడుస్తుంది. అలా పట్టుకుని మా వీధి దాకా సుఖంగా రావచ్చు. అటుపైన ఆ చెయ్యి లాగడం మొదలెడుతుంది, నాన్నకి కూడా అక్కడే లాగేది.

గోళీ, స్ప్రింగు నా దగ్గర అగ్గిపెట్టెలో ఉన్నాయి. తూకానికి వెయ్యలేదు. పోస్టులో పంపను, దారిలో పోతాయి. హాల్లో బల్లమీద పెడతాను, తలుపు తీసే ఉంటుంది. నువ్వు అడగక్కర్లేదు, నేను ఇవ్వక్కర్లేదు. వచ్చి తీసుకో. నాన్న జీపు నడుపుకుంటూనే వస్తావు కాబట్టి నీ ఒట్టుకీ ఢోకా లేదు.

మాట్లాడనన్నావు కదా, అగ్గిపెట్టె పక్కనే పలక, బలపం కూడా పెడుతున్నాను.

డ్రమ్ము ఇంకా ఒరిగే ఉంది. ఆ ఎడమపక్క గేర్‌బాక్సు నీకు దండగే కదా, వెనక సీట్లో పడేసుకుని రా.

అక్క


డిసెంబరు 26

అక్కా,

ఎల్లుండి పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఈ కార్డు కంటే నేనే ముందు చేరతానేమో. డ్రమ్ముకి కాలు బండిలో ఎక్కించాను. రెండో గేరు పట్టుకోవడం నిన్నంతా నేర్చుకున్నాను, అరచెయ్యి బొబ్బలెక్కింది.

పలక తీసెయ్.

తమ్ముడు